గింజల డ్యూటీ

మా బాబాయి సిటీ బస్సు నడిపినన్నాళ్ళూ డిపోలో ఆయన్ని ‘మూగ డ్రైవరు’ అనేవారు. ఆయన మూగవాడేమీ కాదు, మాట మొదలుపెడితే ఆపడం కష్టం. హారన్ కొట్టడం మాత్రం ఆయనకు గిట్టేది కాదు, అందుకా పేరు. రోడ్డు మధ్యలో కుక్క పడుకుంటే అది ఒళ్ళు విరుచుకుని, ఆవలించి, తనంతట తాను లేచి వెళ్ళేదాకా బస్సు ఆపుకుని కూర్చునేవాడు. వెనకనుంచి జనం గోల పెడితే "పాపం ఇప్పుడే పడుకున్నట్టుందండీ, కాసేపు ఆగుదాం" అనేవాడట. ఆలస్యమైందని పైవాళ్ళు పెట్టే చివాట్లను చొక్కా మీది దుమ్ములా దులిపేసుకునేవాడు.

అలాంటి మనిషి కళ్ళను షుగర్ మెల్లమెల్లగా తినేసింది. మొదట రాత్రి డ్యూటీలు పోయాయి, తరవాత పగటివి, ఆ తరవాత స్టీరింగే పోయింది. సాగనంపే రోజున డిపోవాళ్ళు గోడ గడియారం కొనబోయి, చూడలేనివాడికి గడియారమెందుకని ఎవరికో తట్టి, పంజరంతో సహా పక్షుల జత కొనిచ్చారు. లవ్ బర్డ్స్ అని అమ్ముతారే, ఆ బుల్లి చిలకలు. చూడలేనివాడికి రంగురంగుల పక్షులెందుకని మాత్రం ఎవరికీ తట్టలేదు. అయితే ఆ తెలివితక్కువ పనే ఆయన్ని నిలబెట్టింది.

ఆ జత పిల్లల్ని పెట్టింది, పిల్లలు మళ్ళీ పిల్లల్ని పెట్టాయి, వెనక వరండా నిండా పంజరాలయ్యాయి. నేను వాళ్ళ పైవాటాలోనే ఉంటాను. పళ్ళ డాక్టరు దగ్గర నా ఉద్యోగం. పక్షుల మీద నాకు పెద్ద ప్రేమేమీ లేదని ముందే చెబుతున్నాను. సెలవురోజున కూడా తెల్లారకముందే లేపేసేవి. "బాబాయ్, మీ సంసారం నా నిద్ర మింగేస్తోంది" అంటే, "పైవాటాలో ఉన్నందుకు నీకు పాట ఉచితం, పో" అనేవాడు.

పొద్దున్నే గోడ తడుముకుంటూ వరండాలోకి వచ్చి ఆయన చేసే పని మాత్రం నేను మెట్ల మీద ఆగి చూసేదాన్ని. ఈ పక్షులు గింజను ఒలిచి పప్పు తిని, పొట్టు అదే గిన్నెలో వదిలేస్తాయి. పైనుంచి చూస్తే గిన్నె నిండుగానే ఉంటుంది, లోపల తినడానికేమీ ఉండదు. బాబాయి ఒక్కో గిన్నె బయటికి తీసి, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా ఊది, పైనున్న పొట్టు ఎగరగొట్టేవాడు. తరవాత వేలు పెట్టి ఎంత మిగిలిందో చూసి, డబ్బాలోంచి కొత్త గింజ పోసేవాడు. నీళ్ళు మార్చేవాడు. పంజరాల అడుగున కాగితాలు తీసి కొత్తవి పరిచేవాడు. అంతా అయ్యాక చేతులు తుడుచుకుని, "డ్యూటీ దిగానోయ్" అని ఇంట్లోకి కేకేసేవాడు.

వాటిలో ఒక పచ్చ పక్షికి ‘కండక్టరు’ అని పేరు. బాబాయి తన బస్సు కండక్టరు ఈలను అనుకరిస్తూ ఉంటే విని విని అది పట్టేసింది. అది రెండుసార్లు టక్కుమని ఈల వేస్తే ఈయన కుర్చీలోంచే గేరు మార్చినట్టు చెయ్యి ఆడించి "రైట్, పోనీ" అనేవాడు. ఇద్దరూ అలా పొద్దంతా ఎక్కడికీ కదలని బస్సు నడిపేవారు.

ఒకసారి నాతో అన్నాడు, "కళ్ళు పోయినకాడినుంచి నన్ను అందరూ కూర్చోపెట్టేవాళ్ళేనే అమ్మాయ్. ఇక్కడ కూర్చో, అక్కడ కూర్చో, కదలకు, పడతావు. వీటి కోసం మాత్రం నేను లేవాలి. లేవకపోతే అవి పస్తులుంటాయి." ఆయన నవ్వుతూనే అన్నాడు. 

ఇక మా పిన్ని. ఆమె నోటికి జడిసి వీధిలో కూరలవాడు సరిగ్గా తూస్తాడు. ఆమెది రఫ్ఫు పని. చిరిగినచోట, నిప్పురవ్వ పడి కాలినచోట, అదే బట్ట అంచుల్లోంచి లాగిన దారంతో నేతను మళ్ళీ అల్లుతుంది. కోట్లు, శాలువలు, ఉన్ని బట్టలు. ముందుగది కిటికీ దగ్గర కుర్చీ, ఒళ్ళో బట్ట, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. డ్రైక్లీనింగ్ షాపాయన మూటలు పంపుతాడు, ఈమె బాగుచేసి తిప్పి పంపుతుంది. బాబాయి స్టీరింగు వదిలాక ఆ ఇల్లు గడిచేది ఆ సూదిమీదే.

పురుగు ఎప్పుడు వచ్చిందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. గింజలతోపాటే సంచిలో వచ్చి ఉంటుంది. మొదట వంటింట్లో దీపం దగ్గర ఒక చిన్న రెక్కల పురుగు, సగం బూడిదరంగు, సగం రాగిరంగు. పిన్ని చేత్తో ఒకటి చరిచి మర్చిపోయింది. తరవాత రెండు. తరవాత పిండిడబ్బా మూత తీస్తే లోపల బూజులాంటి దారాలు, దారాల్లో ముద్దకట్టిన పిండి, పిండిలో తెల్లగా కదిలే పురుగులు. ఆమె ఒంటికాలి మీద లేచింది.

"ఏమండీ, మీ గింజల నిండా పురుగులే! ఇల్లంతా పాకాయి!"

"ఏవీ? నాకు ఒక్కటీ కనపడలేదే" అన్నాడు బాబాయి, అమాయకంగా మొహం పెట్టి.

నవ్వాలో ఏడవాలో తెలియక పిన్ని ఆ పిండి మొత్తం పెంటలో పారబోసింది.

నిజానికి బాబాయికి ఆ సంగతి వేళ్ళ చివర ఎప్పుడో తెలిసింది, కానీ ఆయన వేరేగా అర్థం చేసుకున్నాడు. గింజల్లో చెయ్యి పెడితే ఉండలుండలుగా తగిలేవట. చెమ్మ పట్టిందనుకున్నాడు. ఉండల్ని వేళ్ళతో చిదిపి, గింజ పాడవకూడదని డబ్బా తీసుకెళ్ళి ఫ్రిజ్ పైన, వెచ్చటి చోట పెట్టాడు. చలికి అలాగే పడి ఉండాల్సిన గుడ్లన్నీ ఆ వెచ్చదనానికి హాయిగా పగిలి పిల్లలయ్యాయి. పురుగుల్ని పెంచాలని కంకణం కట్టుకున్నవాడు కూడా ఇంతకన్నా బాగా చెయ్యలేడు.

అక్కడినుంచి మా ముగ్గురి తలప్రాణం తోకకొచ్చింది. గింజల్ని జల్లెడ పట్టాం. మేడమీద ఎండలో పోశాం. ఊర్లో ఉన్న పిచ్చుకలన్నీ వచ్చి వాలితే "తిననీ, అవీ మనవాళ్ళే" అని బాబాయి మురిసిపోయాడు. లవంగాలు వేశాం. ఆ వాసనకి పక్షులు మొహం తిప్పుకున్నాయి గాని పురుగులు నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాయి. గింజల్ని పొట్లాలు కట్టి నా ఫ్రీజర్లో పెట్టాను. అది కొంత పనిచేసింది. కానీ ఈ పురుగు గింజల్లోనే ఉంటే కదా! గోడ పట్టుకుని పైదాకా పాకి, పైకప్పు మూలల్లో, అలమర మేకుల కంతల్లో, కేలండరు వెనక గూడు కడుతుంది. మోకాలి నొప్పితో పిన్ని స్టూలెక్కి చీపురుపుల్లతో సందులు గీకింది. మర్నాడు మళ్ళీ దీపం చుట్టూ నాట్యమే.

పురుగుమందు కొట్టేవాణ్ణి పిలిపించాం. వాడు వరండా చూసి తల అడ్డంగా ఊపాడు. "పక్షులుండగా కొట్టనండీ. ఆ వాసనకి మొత్తం పోతాయి. వాటిని ఎక్కడికైనా పంపించేయండి, అప్పుడు పిలవండి" అని వెళ్ళిపోయాడు.

ఎక్కడికి పంపిస్తాం? నా వాటాలోకి తెస్తానంటే, నా గది కిటికీలు పడమటివి, మధ్యాహ్నానికి పొయ్యిలా కాలిపోతుంది, పక్షులు బతకవు. బంధువులు పురుగుల మాట వినగానే ఫోన్లు ఎత్తడం మానేశారు. అందుకని మందు మాట వదిలేసి, చీపురుపుల్లతోనే నెట్టుకొచ్చాం.

అసలు దెబ్బ షాపులో తగిలింది. ఒక పెద్దమనిషి తన ఉన్నికోటు తీసుకోవడానికి వచ్చాడు. మోచేతి దగ్గర చిరుగును పిన్ని ఎంత బాగా కలిపిందంటే ఆయనకే ఎక్కడ చిరిగిందో కనపడలేదట. వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే మడతలోంచి ఒక పురుగు లేచి ఆయన మొహం మీద వాలింది. కోటు అక్కడే విసిరేసి, "చిమ్మెటలు పట్టిన బట్టలు అంటగడతారా" అని షాపంతా వినపడేలా అరిచాడట. ఆ సమయంలో లోపల ఇంకా చాలామంది ఉన్నారట.

సాయంత్రం షాపాయన స్వయంగా వచ్చాడు. మంచివాడే. చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

"అక్కా, నీ చేతిపనికి వంక పెట్టడానికి లేదు. కానీ నా పేరు పోతే నేనేం తినను? ఇల్లు శుభ్రమయ్యేదాకా మూటలు పంపను. అయినట్టు నేను కళ్ళారా చూడాలి. కాదంటే ఇంకొకరిని చూసుకుంటాను."

నాకు ఒళ్ళు మండింది. "అవి బట్టలు కొరికే పురుగులు కావండీ, గింజలు తినేవి. ఉన్ని వాటి నోటికి పనికిరాదు" అన్నాను.

"నిజమే కావచ్చమ్మా. మొహం మీద వాలినాయనకి నువ్వెళ్ళి చెబుతావా?"

 పురుగంటే జనానికి పురుగే. దాని కులగోత్రాలు ఎవడడుగుతాడు!

షాపాయన వెళ్ళిపోయాడు. వరండాలోంచి కండక్టరు రెండుసార్లు ఈల వేశాడు. బాబాయి చెయ్యి కదలలేదు.

"పంపించేద్దాం" అన్నాడు చివరికి.

పిన్ని ఆ మాట తానే అనడానికి గొంతు సవరించుకుంటోందని నాకు తెలుసు. తీరా ఆయనే అనేసరికి ఆమెకు కోపం వచ్చింది. "మీరు ఊరుకోండి. ఏదో ఒకటి చేద్దాం. ఇంకో మందుంటుందేమో" అంది.

"ఏం చేస్తావే? కూడుపెట్టేది నీ సూది. వీటిదేముంది, ఎక్కడున్నా తింటాయి."

ఎక్కడున్నా తింటాయన్న మాట ఆయన చాలా తేలిగ్గా అన్నాడు. అంత తేలిగ్గా అనడానికి ఎంత బరువు మోశాడో ఆయన మొహం చూసిన నాకు తెలుసు. పిన్ని లేచి వంటింట్లోకి పోయి, అవసరం లేకపోయినా గిన్నెలు తోమింది.

పక్షుల కొట్టువాడు అట్టపెట్టెలతో వచ్చాడు. బాబాయి ఒక్కో పక్షిని తానే పట్టి ఇచ్చాడు. చేత్తో పట్టుకోగానే ఏది ఏదో చెప్పేవాడు: ఇది పిరికిది, దీనికి కుడికాలు కాస్త వంకర, ఇది నీళ్ళగిన్నెలో కూర్చుంటుంది చూసుకో. వాడు ఊ కొడుతున్నాడు గాని వినడం లేదు. కండక్టర్ని ఇచ్చేటప్పుడు మాత్రం ఏమీ చెప్పలేదు. బొటనవేలితో దాని తల ఒకసారి నిమిరి ఇచ్చేశాడు.

ఆ వెంటనే మందువాడు వచ్చాడు. ఇల్లు ఖాళీచేసి, బియ్యం, పప్పులు, పొడులు అన్నీ పారేశాం. మనుషులు ఒళ్ళు ఆన్చేవాటికి మందు అంటకూడదని పరుపులు, దుప్పట్లు, దిండ్లు, కుర్చీ మెత్తలు నేనే మోసుకెళ్ళి నా వాటాలో పెట్టాను. వాడు మూలమూలకీ కొట్టాడు. రెండురోజులు అందరం పైనే ఉన్నాం. తిరిగి దిగి, సామాను సర్ది, తలుపులు తీశాం. ఇల్లు కడిగిన అద్దంలా ఉంది. షాపాయన వచ్చి అలమరలు తీసి మరీ చూసి, తృప్తిపడి మూట పంపాడు.

పొద్దున్న బాబాయి అలవాటుకొద్దీ వరండాలోకి వెళ్ళి, ఖాళీ పంజరం తలుపు మీద చెయ్యిపెట్టి, తిరిగి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. పిన్ని సంగతి అర్థం చేసుకుని పంజరాలు కూడా తీయించేసింది. తరవాత ఆయన వరండాలోకి వెళ్ళడం మానేశాడు. లేవడమే ఆలస్యంగా లేచేవాడు. లేపితే "ఏం పనుందని?" అనేవాడు. మాటకారి మనిషి నిజంగానే మూగవాడైనట్టు అయ్యాడు. పిన్ని తిట్టి చూసింది, బతిమాలి చూసింది, రేడియో కొనితెచ్చి పెట్టింది. ఆయన దాన్ని ఆపేసేవాడు.

కొన్ని వారాలకు కిటికీ తెర మీద ఒక పురుగు వాలి ఉంది. పిన్ని దాన్ని చూసి అరిచిన అరుపుకి నేను మెట్లు రెండేసి దిగి వచ్చాను.

"ఇంకా ఉన్నాయే! పక్షుల్లేవు, గింజల్లేవు, మందు కొట్టించాం, ఇంకా ఎక్కణ్ణించే?" అని నెత్తి పట్టుకుంది.

ఇద్దరం వంటింటినుంచి మొదలుపెట్టి అంగుళం అంగుళం వెతికాం. ఏమీ లేదు. ఆయాసమొచ్చి పిన్ని తన రఫ్ఫు కుర్చీలో కూలబడింది. వీపు వెనక దిండు గరగరమంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆ దిండు కథ నాకు తెలుసు. రోజంతా వంగి కూర్చుని ఆమెకు నడుము పట్టేస్తుంటే, పొట్టు దిండు మంచిదని ఎవరో చెప్పారట. బాబాయి గిన్నెల్లోంచి ఊదిన పొట్టంతా కాగితం మీద పోగుచేసి, నెలల తరబడి సంచిలో దాచి, ఆమెకిచ్చాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన తనకోసం చేత్తో చేసిన వస్తువు అదొక్కటేనని పిన్ని వీధిలో అందరికీ చూపించుకునేది. గలీబు కుట్టింది మాత్రం ఆమే. ఊపిరితో ఊదితే పొట్టుతోపాటు పొల్లుగింజలు, మంచిగింజలు కూడా కొన్ని ఎగిరిపడతాయని ఆయనకు కనపడదు కదా. మందు కొట్టినప్పుడు దాన్ని జాగ్రత్తగా నా వాటాకి మోసి, జాగ్రత్తగా తిరిగి తెచ్చింది నేనే.

పెరట్లోకి తీసుకెళ్ళి పిన్ని కత్తెరతో కుట్లు విప్పింది. లోపల పొట్టంతా దారాలతో అట్టకట్టి ఉంది. మధ్యలో లావుపాటి పురుగులు, ఖాళీ గూళ్ళు. ఆ పెద్దమనిషి కోటు ఈ దిండుకి ఆనుకుని కూర్చునే ఆమె బాగుచేసింది.

పిన్ని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూడలేదు అంతకుముందు. "పక్షులు కాదే... వాటిని అనవసరంగా పంపించేశామే" అని కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి మొహం తుడుచుకుని, "ఆయనకి చెప్పకు. చెబితే తట్టుకోలేడు" అంది. నేను చెప్పనన్నాను.

చెప్పాల్సిన పనే లేకపోయింది. లోపలికి వచ్చి ఆమె కుర్చీలో కూర్చోగానే బాబాయి అడిగాడు, "నీ దిండేదే? చప్పుడు లేదు."

"పాతబడింది. పారేశాను."

ఆయన ఆమెవైపు తిరిగాడు. "అందులోనేనా?" అన్నాడు.

పిన్ని నోరు మెదపలేదు. ఆ ఇంట్లో ఆమె నోరు మెదపకపోతే అది జవాబే.

నేను ఆ క్షణమే పక్షుల కొట్టుకి పరిగెత్తాను. వాడు గల్లాపెట్టె దగ్గర కూర్చుని తింటున్నాడు. "అవా? ఎప్పుడో పోయాయండీ. సగం అమ్ముడయ్యాయి. మిగతావాటికి నా పాత పక్షుల జబ్బు అంటుకుంది, పోయాయి." ఈల వేసే పచ్చది ఏమైందని అడిగాను. "నా దగ్గర ఏదీ ఈల వెయ్యలేదండీ" అన్నాడు. కొత్త జత కావాలంటే చూపిస్తానన్నాడు. కొంటానని ఇంటికి ఫోన్ చేశాను. పిన్ని అడిగితే ఆయన "వద్దే. మళ్ళీ ఒకరోజు పట్టి ఇవ్వాల్సొస్తుంది" అన్నాడట.

దిండు కాల్చేశాక పురుగులు నిజంగానే తగ్గిపోయాయి. షాపాయన మూటలు పెరిగాయి. ఇప్పుడు ఇంట్లో ఏ డబ్బా మూత తీసినా శుభ్రంగా ఉంటుంది.

మొన్న ఆదివారం నేను కిందికి వెళ్ళేసరికి బాబాయి కుర్చీలో, పిన్ని కిటికీ దగ్గర. ఎక్కడ మిగిలిందో ఒక్క పురుగు గాల్లో తేలుతూ వచ్చి కుర్చీ చేతి మీదున్న ఆయన మణికట్టు మీద వాలింది. పిన్ని చెప్పు తీసి లేచింది. ఆయనకు తగిలినట్టుంది, చెయ్యి బిగబట్టాడు.

"అదేనా?" అన్నాడు.

"అదే. కదలకండి, కొడతాను."

"కొట్టకే."

పిన్ని చెప్పు ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. బాబాయి మొహం ఆ చేతివైపు తిప్పాడు. చాలాకాలం తరవాత ఆ మొహంలో కాస్త కదలిక కనపడింది.

"ఏం తింటుందే అమ్మాయ్ ఇది?" అని నన్నడిగాడు.

ఫోన్లో ఈ పురుగుల గురించి చదవని ముక్క లేదు కాబట్టి నాకు తెలుసు. తెలియదని అబద్ధమాడి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తోంది. "ఏమీ తినదు బాబాయ్. పాకే పురుగుగా ఉన్నప్పుడే తినేదంతా. రెక్కలొచ్చాక దానికి తిండి అక్కర్లేదట" అన్నాను.

"నీళ్ళో?"

"నీళ్ళూ అక్కర్లేదు."

ఆయన బిగబట్టిన చెయ్యి వదులు చేశాడు.

"అయితే నేను చేసేదేమీ లేదన్నమాట" అన్నాడు.